చిన్నా, ఫ్రీ ఏజెంట్ అంటే ఉచితం కాదు

చిన్నా,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల లిస్టు చూశాను. తొమ్మిది పేర్లు, అందులో ముగ్గురు స్ట్రైకర్లు (గోల్స్ కొట్టేవాళ్లు), నలుగురు వింగర్లు (పక్కల నుంచి దాడి చేసేవాళ్లు), కింద "అందరూ ఫ్రీయే కదా పెద్దనాన్నా, మన జట్టు ఎందుకు తీసుకోదు?" అని ప్రశ్న. దీని మీదే గొడవపడి నీకూ నీ స్నేహితుడికీ రెండు రోజులుగా మాటల్లేవని కూడా రాశావు. ఏటా సీజన్ అయిపోగానే ఈ వాదన నేనూ చేస్తూనే ఉన్నాను కాబట్టి నాకు అర్థమైంది చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఆ ఫ్రీ అనే మాట సంగతి. ఫ్రీ ఏజెంట్ అంటే కాంట్రాక్ట్ అయిపోయి, ఏ క్లబ్‌కూ కట్టుబడి లేని ఆటగాడు. ఒకప్పుడు కాంట్రాక్ట్ అయిపోయినా సరే, ఆటగాడు వేరే క్లబ్‌కు వెళ్తే పాత క్లబ్ డబ్బు అడిగేది. బెల్జియం ఆటగాడు బోస్మన్ దాని మీద కోర్టుకెక్కాడు, 1995 డిసెంబర్‌లో యూరప్ న్యాయస్థానం అతని వైపు తీర్పు ఇచ్చింది. దాంతో పాత క్లబ్‌కు కట్టే డబ్బు పోయింది, అదొక్కటే పోయింది. ఆ మిగిలిన డబ్బులో చాలా భాగం ఆటగాడి జీతంలోకి, సంతకం చేసినందుకు ఇచ్చే సైనింగ్ బోనస్‌లోకి, ఏజెంట్ కమిషన్‌లోకి వెళ్తుంది. పైగా కాంట్రాక్ట్ చివరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు, మంచివాడైతే నలుగురు వెంటపడతారు, రేటు పెరుగుతుంది. అందుకే ఎవరైనా "ఫ్రీగా వస్తున్నాడు" అంటే "జీతం ఎంత, ఎన్నేళ్లకు" అని వెంటనే అడుగు.

దీనికంటే పెద్ద ప్రశ్న, వచ్చినవాడు ఎవరి స్థానంలో ఆడతాడు అన్నది. ఇటలీ క్లబ్ జువెంటస్‌నే తీసుకో. 2011లో మిలాన్ క్లబ్ వదిలేసిన మిడ్‌ఫీల్డర్ పిర్లోను వాళ్లు ఫ్రీగా తెచ్చుకున్నారు. వయసు 32, అంతకుముందు సీజన్‌లో గాయాలు, ఆ రోజుల్లో "ఇతని పని అయిపోయింది" అని గట్టిగా వాదించినవాళ్లలో నేనొకణ్ణి. అతను ఉన్న నాలుగేళ్లూ వాళ్లే లీగ్ గెలిచారు. నేను చూసింది అతని వయసు, చూడనిది అతని చుట్టూ ఉన్నవాళ్లను: విడాల్, మార్కీసియో పరిగెత్తి పరిగెత్తి బంతి లాక్కుంటుంటే, పిర్లో వెనక నిలబడి పాస్‌లు ఇవ్వడానికి చోటు దొరికింది. జట్టుకు లేనిది అతను తెచ్చాడు, అతనికి లేనిది జట్టు ఇచ్చింది.

అదే క్లబ్ 2018లో ఎమ్రే చాన్‌ను, 2019లో రామ్సీని, రాబియోను, ముగ్గురినీ ఫ్రీగానే తెచ్చింది. ముగ్గురూ మిడ్‌ఫీల్డర్లే, అక్కడ అప్పటికే ప్యానిచ్, ఖెదీరా, మతూయిదీ, బెంటాంకుర్ ఉన్నారు. 2019 సెప్టెంబర్‌కి చాన్‌కు యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్ జాబితాలో కూడా చోటు దొరకలేదు, మరుసటి ఏడాది మొదట్లో జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్‌కు వెళ్లిపోయాడు. రామ్సీ పెద్ద జీతంతో వచ్చి గాయాలతో సతమతమై, 2022లో కాంట్రాక్ట్ మధ్యలోనే తెంచుకుని బయటపడ్డాడు. వీళ్లెవరూ ఆట రానివాళ్లు కాదు. దొరుకుతున్నారు కదా అని తీసుకున్నారు, అదే తప్పు.

ఇక నీ లిస్టు చూడు. మన సెంటర్ బ్యాక్‌లు, అంటే గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్లు, ఇద్దరికీ ముప్పై దాటాయి, వాళ్లలో ఒకరు బెంచ్ మీద కూర్చుంటే దింపడానికి మనిషి లేడు. నువ్వు రాసిన తొమ్మిది మందిలో ఒక్క డిఫెండర్ కూడా లేడు! లివర్‌పూల్ 2016లో జర్మనీ క్లబ్ షాల్కె నుంచి డిఫెండర్ మాటిప్‌ను ఫ్రీగా తెచ్చినప్పుడు పండగ చేసుకున్నవాళ్లు పెద్దగా ఎవరూ లేరు. అప్పుడతనికి 24. ఎనిమిదేళ్లు ఉన్నాడు, 2019 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో రెండో గోల్‌కి పాస్ ఇచ్చింది కూడా అతనే. ఫ్రీలో నిజంగా లాభం అలాంటి చోట ఉంటుంది.

గోల్స్ వీడియోలు చూసి పేరు రాయకు. గత రెండు సీజన్లలో ఎన్ని నిమిషాలు ఆడాడో చూడు, ఆడకపోతే గాయమా, కోచ్‌కు నచ్చలేదా తెలుసుకో, ఒక్క మ్యాచ్ అయినా తొంభై నిమిషాలూ కూర్చుని చూడు.

తొందర కూడా వద్దు. క్లబ్బులు ఆటగాళ్లను మార్చుకునే ట్రాన్స్‌ఫర్ గడువు ముగిసేలోపే కాంట్రాక్ట్ అయిపోయినవాణ్ణి గడువు తర్వాత కూడా నమోదు చేసుకునే వీలు ఫిఫా నిబంధనల్లో ఉంది. అలా మిగిలినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్తగా మాట్లాడు. "ఎవరికీ అక్కర్లేని సరుకు" అని నువ్వు రాసిన మాట నాకు బాధ కలిగించింది. క్లబ్ లేని ఆటగాడికి జీతం ఉండదు, ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకుంటూ ఫోన్ కోసం ఎదురుచూస్తుంటాడు.

నీ స్నేహితుడు చెప్పిన ఆ ఎడమకాలి డిఫెండర్ ఉన్నాడే, ఇరవై ఆరేళ్లవాడు, గత సీజన్ దాదాపు అన్ని మ్యాచ్‌లూ ఆడాడు. అతని ఆట నేను చూశాను, మనకు సరిపోతాడు. ఇవాళే నీ స్నేహితుడికి ఫోన్ చేసి ఆ మాట చెప్పు. తర్వాత ఇద్దరూ కలిసి మూడే పేర్లతో కొత్త లిస్టు రాయండి, ప్రతి పేరు పక్కన ఎవరి స్థానంలో ఆడతాడో, ఎన్నేళ్లకు తీసుకోవాలో రాసి నాకు పంపండి.

మీ పెద్దనాన్న