మాజీ సైనికులకు షుగర్ దిగడం లేదంటే...

డాక్టర్ గారూ, బెంగళూరులో ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌లో డాక్టర్‌గా చేరానని, మందులు పెంచినా రిటైర్డ్ సుబేదార్ల షుగర్ దిగడం లేదని, ఏ కోర్సు చేస్తే మంచిదని అడిగారు.

ముందు నిద్ర గురించి చదవండి. నేనూ చాలాకాలం డోసులే మారుస్తూ పోయాను. ఒక పెద్దాయన మూడోసారి వచ్చినప్పుడు గానీ చెప్పలేదు, పీడకలలతో రాత్రి రెండింటికే లేస్తున్నానని. నిద్ర చెడితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు కదా. అమెరికా వెటరన్స్ శాఖ వాళ్ల నేషనల్ సెంటర్ ఫర్ పీటీఎస్‌డీ వెబ్‌సైట్‌లో ఉచిత కోర్సులున్నాయి. పీటీఎస్‌డీ అంటే యుద్ధంలాంటి భయానక అనుభవాల తర్వాత వెంటాడే మానసిక సమస్య, పీడకలలు దాని లక్షణమే. పీసీ-పీటీఎస్‌డీ-5 అనే ఐదు ప్రశ్నల స్క్రీనింగ్ కూడా వాళ్లదే. అయితే "మీకు డిప్రెషనా?" అని మొదలుపెట్టకండి, "అదేం లేదు సార్" అని లేచిపోతారు. "సుబేదార్ సాబ్, రాత్రి నిద్ర పడుతోందా?" అనండి, చెబుతారు.

ఇంకొకటి, ఫిరంగుల దగ్గర పనిచేసినవాళ్లలో చాలామందికి వినికిడి తగ్గి ఉంటుంది. సగమే వినపడినా తలూపేస్తారు. ఎదురుగా కూర్చుని చెప్పి, డోసు వాళ్లచేత తిరిగి చెప్పించండి.

మన దేశంలోనే కావాలంటే, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ల డిజిటల్ అకాడమీ ఆన్‌లైన్ కోర్సులు చూడండి. డాక్టర్ల వృత్తి నడవడికపై ఉన్న 2002 నిబంధనల ప్రకారం మనకు ఐదేళ్లకు 30 గంటల వైద్య శిక్షణ కావాలి. మీ మెడికల్ కౌన్సిల్ ఆ కోర్సును లెక్కిస్తుందో లేదో చేరకముందే కనుక్కోండి.

వచ్చేసారి సుబేదార్ గారి భార్యను కూడా రమ్మనండి. నిద్ర సంగతి ఆవిడకే బాగా తెలుస్తుంది.