మూడోసారి లాంగ్ టర్మ్‌కా, క్యాథ్ ల్యాబ్ కోర్సుకా?

పాలకొల్లు దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి రాశారు. వాళ్ల అత్తగారికి గుండె కవాటం సన్నబడితే, ఛాతీ కోయకుండా తొడ దగ్గరి రక్తనాళంలోంచి కొత్త వాల్వు పంపి అమర్చారట. నాలుగైదు రోజులకే ఆవిడ ఇంటికొచ్చేశారు. ఆసుపత్రిలో మామ్మ పక్కనే ఉన్న మనవరాలు బైపీసీ చదివింది. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు "ఆ గదిలో పనిచేసే కోర్సు చదువుతా" అంటోంది. ఆ గదే క్యాథ్ ల్యాబ్, అంటే రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి గుండెకు చికిత్స చేసే చోటు. బంధువులేమో "టెక్నీషియనా? ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌కి పంపండి" అంటున్నారు. ఏం చేయమంటారని తల్లి ప్రశ్న.

అమ్మా, మూడోసారి పంపవద్దనే చెబుతాను. మార్కులు సీటుకు దరిదాపుల్లో లేవని మీరే రాశారు. డాక్టరుగా ఆ వాల్వు వేయాలంటే ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, ఆపైన డీఎం కార్డియాలజీ మూడేళ్లు. మీ పాప తన కళ్లతో చూసిన పనిని అడుగుతోంది. ఆ పనేమిటో ముందు ఇంట్లో అందరికీ తెలియాలి.

మామ్మకు చేసినదాన్ని టావీ అంటారు. 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే మొదటిసారి మనిషికి చేశారు. పశువుల గుండె చుట్టూ ఉండే పలచని పొరతో చేసిన కవాటాన్ని లోహపు జాలీలో కుట్టి, కుదించి, క్యాథెటర్ అనే సన్నని గొట్టం మీద పంపి, పాత కవాటం లోపలే విప్పుతారు. బెలూన్‌తో విప్పే రకమైతే ఆ కొద్ది సెకన్లు గుండె నిమిషానికి దాదాపు 180 సార్లు కొట్టుకునేలా చిన్న కరెంటు తాకిళ్లతో పేస్ చేస్తారు. అప్పుడు రక్తం తోపు తగ్గి వాల్వు జారకుండా ఉంటుంది. డాక్టరు చెప్పగానే మొదలుపెట్టి, ఆపమనగానే ఆపే టెక్నీషియన్ చేయి తడబడకూడదు.

ప్రెజర్ కొలవడం ఇంకా ముఖ్యం. కాలువ మీద తూము తలుపు సగమే లేస్తే ఎగువన నీళ్లు నిలుస్తాయి, దిగువ చేలకు అందవు. రెండు మట్టాల తేడా చూస్తే తలుపు ఎంత బిగుసుకుందో మీ ఊళ్లో ఎవరైనా చెప్పేస్తారు. సన్నబడిన కవాటానికి అటూ ఇటూ రక్తపోటులో అలాంటి తేడాయే వస్తుంది. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని బృహద్ధమని కవాటం దగ్గర అది సగటున 40 మిల్లీమీటర్లు (బీపీ కొలిచే పాదరసం లెక్కలో), ఆపైన ఉంటే ఇరుకు తీవ్రంగా ఉందని లెక్క. ఆ పోటును కొలిచే పరికరం ట్రాన్స్‌డ్యూసర్‌ను సరిగ్గా రోగి గుండె మట్టానికి పెట్టాలి. పది సెంటీమీటర్లు కిందికి ఉంటే పోటు 7 మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ చూపిస్తుంది. ఆ మట్టం సరిచూసే బాధ్యత టెక్నీషియన్‌దే. దీన్ని చిన్న ఉద్యోగమంటే నేను ఒప్పుకోను.

అయితే రోజూ టావీలు ఉండవు. ఎక్కువగా యాంజియోగ్రామ్‌లు, స్టెంట్లు, పేస్‌మేకర్లే. చిన్నప్పటి గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరంతో మైట్రల్ కవాటం (గుండె ఎడమవైపు పై, కింది గదుల మధ్య ఉండేది) ఇరుకైపోయిన ఆడపిల్లలు మన దగ్గర ఇంకా ఉన్నారు. వాళ్లకు బెలూన్‌తో వెడల్పు చేస్తారు. అర్ధరాత్రి గుండెపోటు కేసు వస్తే పరుగెత్తాలి. ఎక్స్‌రే కిరణాల మధ్య పని కాబట్టి బరువైన లెడ్ ఏప్రన్ గంటల తరబడి మోయాలి, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కగట్టే బ్యాడ్జీ ఒంటి మీదే ఉండాలి. పాపకు ఇప్పటికే నడుంనొప్పి ఉంటే ముందే ఆలోచించండి.

బైపీసీ తర్వాత బీఎస్సీలో కార్డియాక్ కేర్ టెక్నాలజీ, కార్డియోవాస్కులర్ టెక్నాలజీ లాంటి పేర్లతో కోర్సులున్నాయి. మన పారామెడికల్ బోర్డు కింద క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా కూడా ఉంది. ఖర్చు భరించగలిగితే డిగ్రీయే చేయించండి. ముందు ముందు పీజీకి, వాల్వుల కంపెనీల్లో ఉద్యోగాలకు అది అక్కరకొస్తుంది.

కాకినాడలో చేర్చినా, ఏలూరులో చేర్చినా బిల్డింగు చూసి మురిసిపోకండి. క్యాథ్ ల్యాబ్ చూపించమనండి. అది సొంత ఆసుపత్రిలోనే నడుస్తోందా, వారానికి ఎన్ని కేసులు, కోర్సుకు యూనివర్సిటీ లేదా బోర్డు అనుమతి ఈ ఏడాదికి ఉందా అని అడగండి. తర్వాత పాపను చివరి ఏడాది పిల్లలతో విడిగా మాట్లాడనివ్వండి. కేసు జరిగేటప్పుడు వాళ్లను లోపల నిలబెట్టి పని నేర్పిస్తున్నారో, బయట ఫైళ్లు మోయిస్తున్నారో వాళ్లే చెబుతారు. ఫీజు ఆ తర్వాతే కట్టండి.