‘పరిశీలనలో ఉంది’ అంటే ఏంటి సార్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అసెంబ్లీ మీదే. సమావేశాలు జరిగినప్పుడల్లా ఇదే వరస. సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరైన వాణ్ణి కదా, ఎడిటర్ గారు కట్ట మొత్తం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. అన్నిటికీ చోటు లేదు, ఆరు తీసుకుంటున్నా.

*సార్, నేను అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. మా ఎమ్మెల్యే ఒక శాఖలో ఖాళీల గురించి అసెంబ్లీలో అడిగితే మంత్రి గారు “భర్తీ అంశం ప్రభుత్వ పరిశీలనలో ఉంది” అన్నారు. చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ బండి దగ్గర అందరం ఆ క్లిప్ చూశాం. సగం మంది నోటిఫికేషన్ వచ్చేసినట్టే అన్నారు, సగం మంది ఇక రాదన్నారు. ఏది నిజం? – ఒక అభ్యర్థి, అశోక్‌నగర్*

రెండూ కాదు తమ్ముడూ. ఆ మాట మంత్రి నోట్లో పుట్టదు, మాలాంటివాళ్ల బల్లల మీద పుడుతుంది.

అసెంబ్లీ నుంచి వచ్చే ప్రశ్నని ఆఫీసుల్లో ఎల్‌ఏక్యూ అంటారు, కౌన్సిల్‌ది అయితే ఎల్‌సీక్యూ. అది సెక్షన్‌లోకి వచ్చిందంటే మిగతా ఫైళ్లన్నీ పక్కకి జరగాల్సిందే. నేను ఒక శాఖలో ఉన్నప్పుడు (పేరెందుకులెండి) సాయంత్రం ఐదున్నరకి, టిఫిన్ డబ్బా బ్యాగులో పెట్టుకుని లేస్తుంటే ఒకటి దిగింది. ప్రశ్న ఒక్క లైను: శాఖలో ఖాళీలు ఎన్ని, ఎప్పుడు భర్తీ చేస్తారు? సర్వీసుల సెక్షన్‌ని అడిగితే ఒక అంకె చెప్పారు, జీతాల బడ్జెట్ చూసే సెక్షన్ ఇంకో అంకె చెప్పింది, జిల్లాలకి ఫోన్ చేస్తే సగం మంది ఎత్తలేదు, ఎత్తినవాళ్లు మూడో అంకె చెప్పారు. రాత్రి తొమ్మిదిన్నరకి తేలిందేమిటంటే ఒకరు ప్రమోషన్‌తో నింపాల్సిన పోస్టులు కలిపారు, ఇంకొకరు కలపలేదు, జిల్లాలవాళ్లు ఔట్‌సోర్సింగ్ మనిషి కూర్చున్న కుర్చీని ఖాళీ కాదనుకున్నారు. ఎవరిదీ అబద్ధం కాదు. పొద్దున్నే జవాబు మంత్రి పేషీలో ఉండాలి. మా పై అధికారి చిత్తుప్రతి చూసి, పెన్ను తీసి, అంకె కొట్టేసి, దాని పైన చక్కటి చేతిరాతతో రాశారు: ‘పరిశీలనలో ఉంది’. అందరం ఇళ్లకి పోయాం.

కాబట్టి ఆ మాట విని పుస్తకాలు మూసెయ్యొద్దు, మిఠాయిలూ పంచొద్దు. ప్రశ్న వదులుగా ఉంటే జవాబు కూడా వదులుగానే వస్తుంది. పెద్ద లెక్కల్లో కూడా ఇంతే. 2021లో బయటికొచ్చిన పీఆర్సీ (వేతన సవరణ సంఘం) నివేదిక మంజూరైన పోస్టులు 4.91 లక్షలు, ఖాళీలు 1.91 లక్షలు అంది. 2022 మార్చి 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలోనే నిలబడి 91,142 ఖాళీలని, అందులో 11,103 కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణకు పోను 80,039 పోస్టులు భర్తీ చేస్తామని ప్రకటించారు. రెండూ ప్రభుత్వ కాగితాల్లోని అంకెలే. ఏ పోస్టుని లెక్కలోకి తీసుకుంటున్నాం అన్న దగ్గరే లక్ష తేడా వస్తుంది.

మీ ఎమ్మెల్యే అడగాల్సింది ‘ఖాళీలెన్ని’ అని కాదు. ఈ కేడర్‌లో మంజూరైనవి ఎన్ని, అందులో నేరుగా భర్తీ చేసేవి ఎన్ని, వాటికి ఆర్థిక శాఖ అనుమతి ఏ తేదీన వచ్చింది, రోస్టర్ పాయింట్లు (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ కిందకి వస్తుందన్న వరస) ఖరారయ్యాయా, టీజీపీఎస్సీకి (రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కి) ఇండెంట్, అంటే ఈ పోస్టులు భర్తీ చేయమని శాఖ పంపే కాగితం, ఏ తేదీన వెళ్లింది. తేదీ అడిగితే ‘పరిశీలన’ రాయడం చాలా కష్టం, నా అనుభవం మీద చెబుతున్నా. ఇండెంట్ వెళ్లలేదంటే బంతి ఇంకా శాఖ దగ్గరే ఉందని అర్థం, అప్పుడు మీరు కమిషన్ ముందు ధర్నా చేసినా లాభం లేదు.

*నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్న, లేని ప్రశ్న అంటారు. తేడా ఏమిటి? టీవీలో చూస్తే అరుపులే తప్ప జవాబులు కనబడవు. – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మలక్‌పేట*

మాస్టారూ, నక్షత్రం ఉంటే మంత్రి లేచి నోటితో చెప్పాలి, ఆపైన అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లేకపోతే కాగితం మీద జవాబు. లోక్‌సభలో రోజుకి నక్షత్రం ఉన్నవి 20, లేనివి 230 పెడతారు. ఆ ఇరవైలో గంటలోపు నోటిదాకా వచ్చేవి చాలా రోజుల్లో ఐదారే.

అసలు పరీక్ష అనుబంధ ప్రశ్న దగ్గరే. మొదటి జవాబు రాసేది మేం, మంత్రి చదువుతారంతే. రెండోదానికి ఆయనకు సబ్జెక్టు తెలియాలి, లేదా మేం ముందే ఊహించి రాసిచ్చిన నోట్‌లో అది ఉండాలి. గ్యాలరీలో అధికారులు కూర్చుని చీటీలు పంపేది అందుకే. మన దేశంలో సభ్యులకు ప్రశ్న వేసే హక్కు 1892 చట్టంతో వచ్చింది గానీ తెల్లవాళ్లు అనుబంధ ప్రశ్నని మాత్రం 1909 దాకా ఇవ్వలేదు, ఇచ్చినా మొదట ప్రశ్న వేసినవాడికే. అదెంత పదునైనదో వాళ్లకి తెలుసు మరి. 1957లో ఎల్‌ఐసీ సొమ్ము ఒక వ్యాపారి కంపెనీల్లో ఎందుకు పెట్టారన్న వ్యవహారం అలాగే లోక్‌సభ ప్రశ్నతో మొదలైంది. ఫిరోజ్ గాంధీ పట్టు వదల్లేదు, జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి దిగిపోయారు. ఫిరోజ్ గాంధీ ఉన్నది అధికార పక్షంలోనే, పైగా ప్రధానికి అల్లుడు. ఇప్పుడు అధికార పక్షం వాళ్లు అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయో మీరే చూస్తున్నారు కదా, “మంత్రి గారికి ధన్యవాదాలు చెబుతూ…” అని మొదలవుతాయి.

అరుపుల సంగతా, కెమెరా ఉన్నంతకాలం తప్పదు మాస్టారూ. నన్నడిగితే నక్షత్రం లేని ప్రశ్నే నిజంగా పనికొచ్చేది. దాని జవాబు కాగితం మీద అంకెలతో మిగిలిపోతుంది.

*మా అమ్మాయి 2022లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసింది. పేపర్ లీకని రద్దు చేశారు. 2023 జూన్‌లో మళ్లీ రాసింది, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్, మళ్లీ మొదటికి. సభలో మంత్రులని అడిగితే కమిషన్ స్వతంత్ర సంస్థ అంటారు. మరి ఎవరిని నిలదీయాలి? – ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్*

అమ్మా, మీ బాధకి నా దగ్గర మందు లేదు, దారి మాత్రం చెప్పగలను. పరీక్ష పెట్టడం, పేపర్ దిద్దించడం కమిషన్ పని, అందులో మంత్రి వేలు పెట్టకూడదు, పెట్టకపోవడమే మనకి మంచిది. కేసు కోర్టులో నడుస్తుంటే దాని మీద సభలో ప్రశ్ననీ ఒప్పుకోరు. కానీ ‘స్వతంత్ర సంస్థ’ అని చెప్పి మంత్రి మొత్తం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఛైర్మన్‌ని, సభ్యుల్ని గవర్నర్ నియమిస్తారని రాజ్యాంగం 316వ అధికరణ అంటుంది, గవర్నర్ అంటే ఆచరణలో మంత్రివర్గం సలహానే. కమిషన్‌కి సిబ్బంది, డబ్బు, భవనం ఇచ్చేది ప్రభుత్వం. ఎన్నాళ్లు ఛైర్మన్ లేకుండా నడిచింది, ఎంతమంది సిబ్బందిని అడిగారు, ఎంతమందిని ఇచ్చారు, ఇవన్నీ మంత్రి చెప్పాల్సినవే.

ఇంకొకటి, ఎవరూ పెద్దగా వాడనిది. 323వ అధికరణ ప్రకారం కమిషన్ ప్రతి ఏడాదీ నివేదిక ఇవ్వాలి, దాన్ని సభలో పెట్టాలి, కమిషన్ సలహాని ప్రభుత్వం పక్కన పెట్టిన సందర్భాలుంటే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. ఏ ఏడాది నివేదిక ఏ తేదీన సభ ముందుకొచ్చింది అని మీ ఎమ్మెల్యేతో ఒక్క ప్రశ్న వేయించండి. ఎంతమంది ఉలిక్కిపడతారో చూద్దాం.

*కార్పొరేషన్ ఛైర్మన్లని ఏ అర్హతతో వేస్తున్నారు? ప్రతిపక్షానికి వీటిలో మాటే లేదా? – పాఠకుడు, ఉప్పల్*

లేదు. ఒక్క జీవోతో అయిపోతుంది. మంత్రివర్గం శాసనసభ బలంలో 15 శాతం దాటకూడదు, అంటే మన 119 మందికి ముఖ్యమంత్రితో కలిపి 18 మందే. మంత్రి పదవి రానివాళ్ల చూపు ఎటుంటుందో వేరే చెప్పాలా. అర్హత అడిగితే జవాబు రాదు గానీ ఖర్చు అడిగితే వస్తుంది: జీతం, కారు, ఆఫీసు అద్దె, ఏడాదిలో బోర్డు ఎన్నిసార్లు కూర్చుంది. అదడగాలి.

కొన్ని పదవులకి మాత్రం చట్టమే ప్రతిపక్ష నేతకి కుర్చీ వేసింది. సమాచార కమిషనర్లని ఎంపిక చేసేది ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత, ఇంకో మంత్రి. మానవ హక్కుల కమిషన్ ఎంపికలో స్పీకర్ కూడా ఉంటారు. కమిటీ ఉంటే సరిపోదనుకోండి, అది కూర్చోవాలి కదా. మన రాష్ట్ర సమాచార కమిషన్ 2023లో ఖాళీ అయితే 2025 దాకా నింపలేదు. అప్పీళ్లు పేరుకుపోయాయి. మంత్రిని అడిగితే ఏమన్నారో మీకు తెలుసు, పరిశీలన!

*ఉద్యోగాల మీద సభలో అడిగితే ఏమైనా ఒరిగిందా ఎప్పుడైనా? – ఓయూ విద్యార్థి*

ఒరిగింది, కానీ ఆలస్యంగా. ఈ ఊళ్లో ఉద్యోగాల గొడవ ఇవాళ్టిది కాదు, 1952లో స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ ఆందోళనలో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. ఉద్యోగాల్లో స్థానికులకి వాటా పెట్టిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకి విరుద్ధంగా తెలంగాణలో నియమించిన స్థానికేతరులని వెనక్కి పంపాలని 1985 డిసెంబరు 30న 610 జీవో ఇచ్చారు, 1986 మార్చి 31 గడువు. గడువు పోయింది. ఆ తర్వాత ఎన్ని సమావేశాలు, ఎన్ని ఎల్‌ఏక్యూలు! ఆ జీవో అమలు సంగతి తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు, సభా సంఘం వేశారు. అమలైందా అంటే పూర్తిగా కాలేదు. కానీ ఏ శాఖ ఏం దాస్తోందో జనానికి తెలిసింది ఆ కాగితాల వల్లే. ఒక శాఖ ఒకసారి ఇచ్చిన లెక్కని ఇంకోసారి ఇచ్చిన లెక్క పక్కన పెట్టి చూసినవాళ్లు ఉన్నారు, వాళ్లంటే మాకు నిజంగా భయంగా ఉండేది.

అన్నట్టు, మంత్రి సభలో ‘చేస్తాం’, ‘సమాచారం సేకరించి సభ ముందు పెడతాం’ అంటే అది హామీ కింద లెక్క. వెంటపడటానికి హామీల కమిటీ ఉంటుంది. లోక్‌సభలో మూడు నెలల గడువు పెట్టారు.

*అసెంబ్లీ ప్రశ్నోత్తరాలు నేరుగా చూడొచ్చా? డిగ్రీ పిల్లల్ని తీసుకెళ్దామని. – లెక్చరర్, నాంపల్లి*

చూడొచ్చండి. మీ ఎమ్మెల్యే సిఫార్సుతో గ్యాలరీ పాస్ తీసుకోవాలి, గుర్తింపు కార్డులు మరవద్దు, ఫోన్లు లోపలికి రానివ్వరు. సభ మొదలయ్యే టైముకి కాస్త ముందే వెళ్లండి, ప్రశ్నోత్తరాలు పొద్దున్నే అయిపోతాయి, ఆలస్యమైతే మీకు వాకౌట్లు మాత్రమే దొరుకుతాయి. పిల్లలకి ఒక పని పెట్టండి: మంత్రి జవాబులో ఎన్ని తేదీలు, ఎన్ని అంకెలు వచ్చాయో లెక్కపెట్టమనండి. బయటికొచ్చాక ఎదురుగా గన్‌పార్క్‌లో కూర్చుని ఆ లెక్క సరిచూసుకోవచ్చు.