టెక్ సందేహాలు: 8–0 తేడా వచ్చినా ఫలితం నిలవలేదెందుకు?

ప్రశ్న: రోగుల నమూనాలు 10, ఆరోగ్యవంతులవి 10 తీసుకుని 200 జన్యు మార్పులను పోల్చాను. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ (చిన్న సంఖ్యలతో రెండు గుంపులను పోల్చే పరీక్ష) చేసి, వచ్చిన పి-విలువలను బెంజమిని-హాక్‌బర్గ్ పద్ధతిలో (ఎక్కువ పరీక్షలు చేసినప్పుడు తప్పుడు ఆవిష్కరణలను అదుపు చేసే పద్ధతి) సవరించాను. ఒక మార్పు 8 మంది రోగుల్లో ఉంది, ఆరోగ్యవంతుల్లో ఒక్కరిలోనూ లేదు. అయినా సవరించిన విలువ 0.14. సాఫ్ట్‌వేర్‌లో పొరపాటుందా?

జవాబు: లెక్క సరైనదే. పి-విలువ అంటే, నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం; సాధారణంగా అది 0.05 కంటే తక్కువైతేనే ఫలితం నిలిచినట్లు. మీ అసలు పి-విలువ 0.0007. అన్నిటికంటే చిన్నది కాబట్టి దాన్ని 200తో గుణిస్తే 0.14 వస్తుంది. చిక్కంతా ఆ 200లోనే ఉంది.

నిజంగా తేడా లేని చోట పి-విలువ 0 నుంచి 1 దాకా ఎక్కడైనా సమానంగా పడవచ్చునన్న లెక్క మీద 1995 నాటి బెంజమిని-హాక్‌బర్గ్ పద్ధతి నడుస్తుంది. మీ డేటా అలాంటిది కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక మార్పు మొత్తం 20 నమూనాల్లో రెండింట్లోనే కనిపించిందనుకోండి. ఆ రెండూ రోగులవే అయినా పి-విలువ 0.47, అంతకంటే కిందికి మెట్టే లేదు. నాలుగింట్లో కనిపిస్తే అడుగు మెట్టు 0.087. ఐదింట్లో కనిపించి, ఐదూ ఒకే వైపు పడితేనే 0.033కి దిగుతుంది. గెలిచే దారే లేని పరీక్షలు కూడా లెక్కలో కూర్చుని మిగతావాటిపై భారం మోపుతున్నాయన్నమాట. దీనివల్ల తప్పుడు ఆవిష్కరణలు హద్దు దాటవు గానీ, నిజమైనవి చేజారిపోతాయి. ఇన్ని నెలల శ్రమ ఇలా పోవడం నాకు బాధగా ఉంటుంది.

గణాంక శాస్త్రవేత్త టరోన్ 1990లో చూపిన ఉపాయం ఇదే: ప్రతి పరీక్షకూ అడుగు మెట్టు లెక్కగట్టి, ఎలా చూసినా గెలుపు గీతను అందుకోలేని వాటిని ముందే పక్కన పెట్టడం. మీ జాబితాలో అలాంటివి 150 ఉంటే మిగిలేవి 50; అప్పుడు మీ విలువ 0.036. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఏ మార్పును తీసేయాలో, అది రెండు గుంపుల్లో కలిపి మొత్తం ఎన్ని నమూనాల్లో ఉందన్నదాన్ని బట్టే తేల్చాలి. రోగుల్లో ఎన్ని, ఆరోగ్యవంతుల్లో ఎన్ని ఉన్నాయో చూసి తీసేస్తే, తప్పుడు ఆవిష్కరణలు హద్దు దాటవన్న హామీ అక్కడితో పోయినట్లే.

ఇంకా పదునైన దారి కావాలంటే ఆర్‌లోనే డిస్క్రీట్‌ఎఫ్‌డీఆర్ ప్యాకేజీ ఉంది. డోలర్, డురాండ్, రోక్వాన్ 2018లో ప్రచురించిన పద్ధతులు అందులో ఉన్నాయి. దానికి పి-విలువలు మాత్రమే ఇస్తే చాలదు, ఒక్కో పరీక్షకు సాధ్యమయ్యే మెట్లన్నీ ఇవ్వాలి. అందుకని ఒక్కో మార్పు ఏ గుంపులో ఎంతమందికి ఉందో, ఎంతమందికి లేదో చూపే మీ 200 పట్టికల అంకెలను విడిగా దాచుకోండి.