మాగిన ఎరువు మంచిదేనా? పశువుల ఎరువులో కలుపు మందు అవశేషాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పెరటి సాగు శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే సమస్య చుట్టూ తిరిగాయి. అందుచేత ఎరువుల మోతాదులు, నీటి యాజమాన్యం వంటి ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ ఒక్క విషయానికే స్థలం కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నాట్లకు ముందు కూరగాయల మడులన్నింటికీ బాగా మాగిన పశువుల ఎరువు వేశాము. ఇప్పుడు టమాటా, చిక్కుడు మొక్కల చిగుళ్లు మెలితిరిగి, ఆకులు దొప్పల్లా ముడుచుకుపోతున్నాయి. అదే ఎరువు వేసిన మొక్కజొన్న మాత్రం ఏపుగా ఉంది. తెలిసినవారు వైరస్ తెగులని చెప్పి మొక్కలు పీకేయమంటున్నారు. ఇది నిజంగా తెగులేనా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సమాచారం మొక్కజొన్న బాగుందన్న మాట. వెడల్పాకు మొక్కలు మాత్రమే దెబ్బతిని, గడ్డి జాతి పైరు పచ్చగా నిలబడిందంటే, తెగులుకన్నా ముందు అనుమానించవలసింది ఎరువుతో పాటు మడిలోకి చేరిన కలుపు మందునే. పచ్చిక బీళ్లలోను, ఎండుగడ్డి కోసం పెంచే పొలాలలోను, గోధుమ, బార్లీ వంటి పైర్లలోను వెడల్పాకు కలుపును చంపడానికి అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్, పిక్లోరామ్ అనే మందులను వాడతారు. మొక్క తనలో తాను తయారు చేసుకొనే ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోనును ఇవి అనుకరిస్తాయి. గడ్డి జాతి ఈ మోసాన్ని తట్టుకుంటుంది; వెడల్పాకు మొక్కలో మాత్రం పెరుగుదల అదుపు తప్పి, కణాలు ఒకచోట విపరీతంగా సాగి, మరొకచోట ఆగిపోయి, చివరకు చిగురు వంకర తిరుగుతుంది.

తెగులుకు, దీనికి తేడా తెలుసుకోవడానికి మడిని మొత్తంగా ఒకసారి చూడండి. తెల్లదోమ ద్వారా వచ్చే ఆకుముడత వైరస్ సాధారణంగా అక్కడొక మొక్కకు, ఇక్కడొక మొక్కకు సోకుతూ వ్యాపిస్తుంది. ఆకులు పసుపు బారుతాయి. టమాటాకు వచ్చిన ఆకుముడతే అదే వారంలో చిక్కుడుకు, బంగాళదుంపకు, క్యారట్‌కు కూడా రావడం చాలా అరుదు. కలుపు మందు అయితే ఎరువు పడిన మేరకు మడి అంతటా, వేర్వేరు కుటుంబాల మొక్కలలో ఒకేసారి కనిపిస్తుంది, ఎరువు పడని చోట గీత గీసినట్లు ఆగిపోతుంది. ఒక ముడుచుకున్న ఆకును తెంపి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఈనెలు మామూలుగా వల వలె అల్లుకోకుండా, ఆకు సన్నబడిపోయి, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా దగ్గరదగ్గరగా సాగి ఉంటే, అది హార్మోను తరహా మందు చేసిన పనికి గట్టి ఆనవాలు. టమాటాలో లేత ఆకులు ఫెర్న్ మొక్క ఆకుల్లా సన్నగా చీలి, చుట్టలు చుట్టుకుంటాయి.

ఇంకా మూడు అవకాశాలను కొట్టివేయాలి. ఎండ ఎక్కువైనప్పుడు టమాటా అడుగు ఆకులు పైకి చుట్టుకుంటాయి కాని, కొత్త చిగురు చక్కగానే ఉంటుంది. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి కొట్టుకొని వచ్చినప్పుడు దెబ్బ ఒక వైపున ఎక్కువగా, పోను పోను తక్కువగా ఉండి, మొక్క బతికితే తరువాత వేసే ఆకులు క్రమంగా సరిపడతాయి. మట్టిలోనే మందు ఉంటే ప్రతి కొత్త ఆకూ వంకరగానే వస్తుంది. సూక్ష్మ నల్లి కూడా చిగుళ్లను ఇలాగే ముడిపిస్తుంది కాబట్టి, భూతద్దంతో ఆకు అడుగు భాగం చూడటం మరువకండి.

ప్రశ్న: పశువు తిని, అరిగించుకొని, వేసిన పేడ సంవత్సరం పాటు కుప్పలో మాగిన తరువాత కూడా మందు మిగిలి ఉంటుందంటే నమ్మలేకపోతున్నాము. వేడికి, సూక్ష్మజీవులకు అన్నీ విరిగిపోవా?

జవాబు: చాలా మందులు విరిగిపోతాయి. ఉదాహరణకు 2,4-డి అనే పాత కలుపు మందు మట్టిలో సగానికి తగ్గడానికి పది రోజుల ప్రాంతం పడుతుంది. చక్కగా వేడెక్కిన కంపోస్టు కుప్పలో అది పెద్ద సమస్య కాదు. ఆ అనుభవాన్నే అన్ని మందులకూ వర్తింపజేయడం వలన ఈ చిక్కు వస్తున్నది. పైన చెప్పిన మూడు మందులు పశువు కడుపులో దాదాపు మార్పు చెందవు. తిన్న కొద్ది రోజులలోనే, ఎక్కువ భాగం మూత్రం ద్వారా, కొంత పేడ ద్వారా బయటికి వచ్చేస్తాయి. పశువుకు దీనివలన హాని లేదు, పాలకూ మాంసానికీ అంటుకొని నిలవదు కాబట్టి మందు తయారు చేసినవారి దృష్టిలో ఇది మంచి గుణమే. కాని అదే గుణం వలన కొట్టం కింద పరచిన గడ్డిలో, పేడలో, మూత్రం పీల్చుకున్న చెత్తలో మందు చేరుతుంది.

ఇక కుప్పలో జరిగేది చూడండి. ఈ మందులను విరగగొట్టేవి గాలి అవసరమైన మట్టి సూక్ష్మజీవులు. ఒత్తుగా పోసిన పేడ కుప్ప లోపల గాలి ఆడదు. పైగా మందులో కొంత భాగం గడ్డి పీచుకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థానికి పట్టుకొని ఉండి, ఆ పీచు కుళ్లినప్పుడు మాత్రమే విడుదల అవుతుంది. అందువలన ఎరువు ఎంత బాగా మాగితే అంత మందు బయటపడే పరిస్థితి కూడా ఉంటుంది. పొడిగా నిల్వ చేసిన ఎండుగడ్డిలో అయితే సంవత్సరాలు గడిచినా పెద్దగా తగ్గదు.

అంకెలలో చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. అమినోపైరాలిడ్ సగానికి తగ్గడానికి పట్టే కాలం, ప్రయోగశాలలో పరీక్షించిన మట్టిని బట్టి, సుమారు 32 రోజుల నుంచి 533 రోజుల వరకు ఉన్నది. చిక్కుడు, బఠాణీ, టమాటా వంటివి వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లు ఉన్నా వంకర తిరుగుతాయి. ఎరువులో 320 పాళ్లు ఉన్నదని, వంద రోజులకు సగం తగ్గుతుందని ఊహించుకుంటే, 10 పాళ్లకు దిగడానికి అయిదు సార్లు సగం కావాలి, అంటే 500 రోజులు. అదీ గాలి, తడి, వెచ్చదనం మూడూ ఉన్న మట్టిలో. ఒత్తు కుప్పలో ఈ లెక్క పనిచేయదు.

ఇది కొత్తగా కనిపెట్టిన భయం కాదు. 1999, 2000 సంవత్సరాలలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కంపోస్టులో మిగిలిన క్లోపైరాలిడ్ వలన తోటలు దెబ్బతిన్నాయి. 2008లో బ్రిటన్‌లో పశువుల ఎరువు వేసిన ఎందరో పెరటి సాగుదారుల కూరగాయలు ఇదే విధంగా వంకర తిరగగా, అమినోపైరాలిడ్ ఉన్న మందుల అమ్మకాన్ని అక్కడ నిలిపివేశారు. తరువాత కఠినమైన షరతులతో తిరిగి అనుమతించారు.

ప్రశ్న: కొత్తగా తెప్పించిన ఎరువును మడిలో వేయడానికి ముందే ఇంట్లో పరీక్షించుకొనే మార్గం ఉన్నదా? ప్రయోగశాలకు పంపడం మాకు సాధ్యం కాదు.

జవాబు: ఉన్నది, అది ప్రయోగశాల పరీక్షకు ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం. ఇంత తక్కువ మోతాదును కొలవగల యంత్రాలు అన్ని చోట్లా ఉండవు. చిక్కుడు గింజ మాత్రం ఆ మోతాదును పసిగడుతుంది.

కుప్ప పైపైన కాకుండా, పది పన్నెండు చోట్ల, వేర్వేరు లోతుల నుంచి గుప్పెడు గుప్పెడు తీసి ఒకచోట కలపండి. మందు కుప్ప అంతటా సమానంగా ఉండదు కాబట్టి, పరీక్ష విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఈ ఎరువును కుండీల మట్టి మిశ్రమంతో సమపాళ్లలో కలిపి మూడు కుండీలు నింపండి. మరో మూడు కుండీలలో కేవలం మట్టి మిశ్రమమే పోయండి. ప్రతి కుండీ కింద విడివిడిగా పళ్లెం ఉంచాలి. ఒక కుండీ నుంచి కారిన నీరు మరొక కుండీకి అందితే పరీక్షకు అర్థం ఉండదు. ఒక్కొక్క కుండీలో మూడేసి చిక్కుడు లేదా బఠాణీ గింజలు నాటి, అన్నింటికీ ఒకే వెలుతురు, ఒకే నీరు ఇవ్వండి.

మొలకెత్తిన వెంటనే తీర్పు చెప్పవద్దు. గింజలో ముందే తయారై ఉన్న బీజదళాలు, తొలి ఆకులు మందు ఉన్నా చాలాసార్లు చక్కగానే విచ్చుకుంటాయి. రెండు మూడు వారాలు ఆగి, మూడవ జత ఆకులు వచ్చాక రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎరువు ఉన్న కుండీలలో మాత్రమే ఆకులు దొప్పలు కట్టి, కాడ లావెక్కి మెలితిరిగి, చిగురు ఆగిపోతే ఆ ఎరువు కూరగాయలకు పనికిరాదు. ఆకుల అంచులు మాడి, మొక్క గిడసబారినా వంకర లేకపోతే, అది పచ్చి ఎరువులోని లవణాల వలనో అమ్మోనియా వలనో కావచ్చు; ఎరువును ఇంకొంతకాలం మాగబెట్టి మళ్లీ పరీక్షించండి. రెండు వరుసలూ బాగా లేకపోతే లోపం గింజలోనో నీటిలోనో ఉన్నది. ఫలితం ఏదైనా పరీక్షించిన కుప్పకే వర్తిస్తుంది. అదే మనిషి దగ్గర నుంచి వచ్చిన తరువాతి బండికి మళ్లీ గింజలు నాటవలసిందే.

ప్రశ్న: పరీక్షించకుండానే వేసేశాము, మొక్కలు వంకర తిరిగాయి. మడిని బాగు చేసుకొనే ఉపాయం చెప్పండి.

జవాబు: ఎరువు ఇంకా పైననే కప్పుగా పరచి ఉంటే, ముందు దానిని గీకి తీసేయండి. మట్టిలో కలిసిపోయి ఉంటే తీయడం కుదరదు, విరిగిపోయే వేగాన్ని పెంచడమే మార్గం. మట్టిని మాటిమాటికీ తిరగేస్తూ, పూర్తిగా ఆరిపోనివ్వకుండా తడి ఉంచుతూ, సూక్ష్మజీవులకు గాలి అందేటట్లు చూడాలి. మడిని ఖాళీగా ఉంచడం ఇష్టం లేకపోతే మొక్కజొన్న వంటి గడ్డి జాతి పైరు వేసుకోవచ్చు. క్యాబేజీ కుటుంబం కూడా వీటిని కొంతవరకు తట్టుకుంటుంది. ఆ పైరు చొప్పను మాత్రం అదే మడిలో పరచవద్దు, కంపోస్టులోనూ వేయవద్దు; అందులోకి ఎక్కిన మందు తిరిగి మీ దగ్గరకే వస్తుంది. వంకర తిరిగి పీకేసిన టమాటా, చిక్కుడు మొక్కలకూ ఇదే నియమం. గీకి తీసిన ఎరువును, గడ్డి మాత్రమే పెరిగే బీడు ఉన్న వారు ఒప్పుకుంటే, అక్కడ పలుచగా చల్లడం మంచిది.

ఉత్తేజిత బొగ్గు కలిపితే మందును పట్టేస్తుందని కొందరు సలహా ఇస్తారు. సూత్రం నిజమే కాని, ఎరువు నిండిన మట్టిలో ఎంత బొగ్గు సరిపోతుందో అంచనా కట్టడం కష్టం, ఖర్చూ ఎక్కువ. నేను దానిని సిఫారసు చేయను. తరువాతి కాలానికి కూరగాయలు నాటే ముందు ఆ మడి మట్టిని కుండీలలో నింపి, పైన చెప్పిన గింజల పరీక్షే చేయండి. కొన్ని మడులు ఒక సంవత్సరంలో బాగుపడతాయి, కొన్నింటికి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ప్రశ్న: అలాంటి మడిలో కాసిన కాయలు తినవచ్చా?

జవాబు: మొక్కను వంకర తిప్పే మోతాదు మనిషికి హాని చేసే మోతాదుకన్నా చాలా తక్కువ. ఈ మందులకు క్షీరదాలలో విషప్రభావం తక్కువని, శరీరంలో నిలవకుండా త్వరగా బయటికి పోతాయని వాటిని మదింపు చేసిన నియంత్రణ సంస్థలు తేల్చాయి. అయితే టమాటా వంటి పంటలపై వాడటానికి ఉద్దేశించినవి కావు కాబట్టి, ఆ కాయలను అమ్మకానికి పెట్టడం సరికాదు. వంకర తిరిగిన మొక్క కాయడమే తక్కువ. కాసిన కాయ మామూలుగా ఉంటే ఇంట్లో తినడానికి భయపడనక్కరలేదు.

ప్రశ్న: ఎరువు ఇచ్చేవారిని ఏమని అడగాలి? "మేము మందులేవీ వాడము" అనే చెబుతారు కదా.

జవాబు: వారు అబద్ధం చెప్పడం లేదు, వారికే తెలియకపోవచ్చు. పశువు గురించి కాకుండా దాని మేత గురించి అడగండి. ఎండుగడ్డి సొంతమా, కొన్నదా? కొన్నదైతే ఏ పొలానిది, ఆ పొలంలో వెడల్పాకు కలుపుకు ఏం కొట్టారు? కొట్టంలో కింద పరచిన గడ్డి ఎక్కడిది? మందు పేరు చెబితే వ్యాపార నామంతో సరిపెట్టుకోకుండా, డబ్బాపై చిన్న అక్షరాలలో ఉండే మూల మందు పేరు చూడమనండి. మందు కొట్టిన గడ్డి తిన్న పశువుల ఎరువును కూరగాయలకు వేయరాదని ఈ మందుల డబ్బాలపైనే రాసి ఉంటుంది. కాని డబ్బా మందు కొట్టినవాడి దగ్గరే ఉండిపోతుంది, గడ్డి మాత్రం చేతులు మారుతూ పోతుంది. హెచ్చరిక అందవలసిన చివరి మనిషికి అది ఎన్నడూ అందదు. ఈ ఏర్పాటులోని అసలు లోపం ఇదేనని, భారమంతా పెరటి సాగుదారుపై నెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. మడిపై కప్పుగా పరచడానికి తెచ్చే గడ్డికీ ఈ ప్రశ్నలే వేయాలి, ఎందుకంటే అందులోని మందు పశువు కడుపు గుండా కూడా వెళ్లకుండా నేరుగా మడిలోకి దిగుతుంది.

ప్రశ్న: పేడను వానపాములకు వేసి వర్మీకంపోస్టు చేసుకుంటే, లేదా నీటిలో నానబెట్టి ఆ నీటినే పోస్తే ఈ బాధ తప్పుతుందా?

జవాబు: తప్పదు. ఈ మందులు వానపాములకు దాదాపు హాని చేయవు. అందువలన పాములు బలంగా ఉన్నాయని ఎరువు శుభ్రమైనదని అనుకోవడానికి వీలు లేదు. నానబెట్టిన నీటితో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈ మందులు నీటిలో సులభంగా కరిగి నేరుగా వేళ్లకు అందుతాయి. ఆ ద్రవాన్ని వాడాలనుకుంటే, కుండీలలోని చిక్కుడు మొలకలలో సగానికి మామూలు నీరు, సగానికి ఈ ద్రవం పలుచన చేసి పోస్తూ, మూడవ జత ఆకులు వచ్చేవరకు గమనించిన తరువాతే మడికి పోయండి.