దేవుడికి వదిలేశాక కూడా టెన్షన్ ఎందుకు పోదు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు, ఇంటి లోన్ నెత్తిమీద ఉంది. దేవుడి ముందు కూర్చున్నంతసేపు మనసు తేలిగ్గా ఉంటోంది, లేచి ఫోన్ పట్టుకోగానే మళ్ళీ గుండె దడ. "అన్నీ ఆయనకే వదిలేయమని అందరూ అంటారు. వదిలేయడం అంటే అసలు ఏం చేయాలి? నా భక్తిలో లోపం ఉందా?" అని అడిగారు. లోపం ఏమీ లేదండీ. ఆ మాట ముందు చెప్పేసి, నాకు జరిగింది చెప్తాను.

మూడేళ్ళ క్రితం అమ్మ మెడ దగ్గర చిన్న గడ్డ కనబడింది. థైరాయిడ్‌లో ఉందన్నారు. సన్నని సూదితో శాంపిల్ తీసి, రిపోర్టుకి నాలుగు రోజులు పడుతుందన్నారు. ఆ నాలుగు రోజులు పొద్దున్నే కళ్ళు మూసుకుని "స్వామీ, అమ్మని నీ చేతుల్లో పెడుతున్నాను" అనుకునేదాన్ని. పైపైన అనే మాట కాదు, నిజంగానే అనుకునేదాన్ని. పది నిమిషాలు గడిచేవో లేదో, రిపోర్టు వచ్చిందేమోనని ల్యాబ్ వాళ్ళ సైట్ తెరిచేదాన్ని. రాత్రి దుప్పటి ముసుగేసుకుని, వెలుతురు అమ్మ మీద పడకుండా స్క్రీన్ బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి, థైరాయిడ్ గడ్డల గురించి చదువుతూ పడుకునేదాన్ని. ఒక పేజీ భయపెడితే ధైర్యం చెప్పే పేజీ కోసం వెతుకులాట. అది దొరికితే, అందులో రాసింది నిజమేనా అని ఇంకోటి. పక్కన అమ్మ గురక పెట్టి నిద్రపోయేది.

రిపోర్టు మంచిగా రాలేదు. క్యాన్సర్ అని తేలింది. పాపిల్లరీ రకం, మిగతా చాలా క్యాన్సర్లతో పోలిస్తే ఇది వైద్యానికి బాగా లొంగుతుందని డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. నాకు మొదటి మాట తప్ప మరేమీ చెవికెక్కలేదు. నిజం చెప్పాలంటే, ఆ తర్వాత రెండు రోజులు నేను దేవుడికి దండం పెట్టలేదు. అంతగా వేడుకున్నా ఇదా నువ్వు ఇచ్చింది అని కోపం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అర్థమవుతోంది, నేను అమ్మని ఆయన చేతుల్లో పెట్టలేదు. నాకు కావలసిన రిపోర్టు ఆయనకి రాసిచ్చి, దాని మీద సంతకం పెట్టమన్నాను.

ఆపరేషన్ ముందు రోజు రాత్రి హాస్పిటల్ గదిలో అటెండెంట్ బల్ల మీద అటూ ఇటూ దొర్లుతున్నాను. అమ్మ కళ్ళు తెరిచింది.

"ఏమే, పడుకోవా?"

"నిద్ర రావట్లేదమ్మా."

"కోసేది డాక్టరు. కాపాడేది ఆ పైవాడు. మధ్యలో నువ్వు మేలుకుని చేసేదేముంది? లైటు తీసెయ్."

అని అటు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో గురక. ఇంటికొచ్చాక ఒకరోజు అడిగాను, ఆ రాత్రి నీకు భయం వెయ్యలేదా అని. "వెయ్యకపోవడమేంటే! చేతులు చల్లబడిపోయాయి. భయం దారి భయానిది. ఇచ్చేశాక మళ్ళీ మళ్ళీ లాక్కుంటామా?" అంది.

నేను అంతవరకూ భయం పోతేనే శరణాగతి అనుకున్నాను. భయం ఉంటే నమ్మకం లేనట్టే అని లెక్క. అందుకే గుండె దడ వచ్చినప్పుడల్లా, అసలు టెన్షన్‌కి తోడు "నేను సరైన భక్తురాలిని కాను" అనే ఇంకో టెన్షన్ చేరేది. మీ ప్రశ్నలో కూడా నాకు అదే కనిపించింది. మీ ఉద్యోగం గురించిన భయం కంటే, భయపడుతున్నందుకు పడుతున్న బాధే ఎక్కువగా ఉంది.

గజేంద్ర మోక్షం మనందరికీ తెలిసిందే. పెద్దవాళ్ళు మనకి "లావొక్కింతయు లేదు" పద్యం నేర్పిస్తారు, "నీవే తప్ప ఇతఃపరంబెరుగ" అని ఏనుగు పూర్తిగా లొంగిపోయే పద్యం అది. కానీ పోతన గారు దానికి కాస్త ముందే ఆ ఏనుగు నోట ఇంకో పద్యం చెప్పించారు. దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు, మరి "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని. మొసలి కాలు పట్టుకుని ఉండగా, ప్రార్థన మధ్యలో, అసలు ఉన్నాడా లేడా అని అనుమానం! ఆ అనుమానపు పద్యాన్ని పోతన గారు దాచలేదు. విష్ణువు కూడా అది విని ఆగిపోలేదు. చిన్నప్పటి నుంచి రెండు పద్యాలూ నాకు నోటికి వచ్చు. ఈ రెండూ ఒకే ఏనుగు, ఒకే మడుగులో, కొద్దిసేపటి తేడాలో అన్న మాటలని మాత్రం అమ్మ ఆపరేషన్ తర్వాతే తట్టింది. ఇంకొకటి కూడా. ఆ ఏనుగు మొదటి రోజే పిలవలేదు. ఏళ్ళ తరబడి తన బలంతో పోరాడి, ఒళ్ళు అలిసిపోయాక పిలిచింది. ఆలస్యంగా పిలిచావేంటని ఎవరూ అడగలేదు.

ఇక "ఏం చేయాలి" అన్నారు. దానికి నాకు ఆపరేషన్ థియేటర్ బయట జవాబు దొరికింది. పక్క కుర్చీలో ఒక ముస్లిం ఆవిడ, వాళ్ళాయన లోపల ఉన్నారు. మాటల్లో నేను "అంతా దేవుడికే వదిలేశాను" అంటే ఆవిడ ఒక మాట చెప్పింది. ఒకాయన ప్రవక్తను అడిగాడట, నా ఒంటెను కట్టేసి దేవుడి మీద భారం వెయ్యాలా, కట్టకుండా వదిలేసి భారం వెయ్యాలా అని. "ముందు కట్టెయ్, తర్వాత భారం వెయ్" అన్నారట. వాళ్ళు దాన్ని తవక్కుల్ అంటారు. అది చెప్పి ఆవిడ బ్యాగులోంచి వాళ్ళాయన మందుల చీటీలు, ఇన్సూరెన్స్ కాగితాలు తీసి వరసగా సర్దుకుంది. నేను కూడా లేచి, రెండు రోజులుగా అడగాలనుకుంటూ భయపడి అడగని ప్రశ్నలన్నీ నర్సు దగ్గరికి వెళ్ళి అడిగాను.

ఆ వారమే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. ఇప్పటికీ రాస్తున్నాను. రాత్రి పడుకునే ముందు ఎడమ పేజీలో రేపు నేను చేయాల్సినవి, కుడి పేజీలో నా చేతిలో లేనివి. ఎడమవైపు "కాల్షియం మాత్రలు తేవాలి", "బ్లడ్ టెస్ట్‌కి టైము తీసుకోవాలి". కుడివైపు "గడ్డ మళ్ళీ వస్తుందా". కుడి పేజీ మీద అరచెయ్యి పెట్టి "ఇది నీది" అంటాను. అంతే, మంత్రం ఏమీ లేదు. అర్ధరాత్రి మెలకువ వచ్చి అదే ఆలోచన మొదలైతే, "అది కుడి పేజీలో ఉంది" అని నాకు నేను చెప్పుకుంటాను. మొదట్లో రాత్రికి పదిసార్లు చెప్పుకోవాల్సి వచ్చేది. ఇచ్చేశాక లాక్కోకూడదని అమ్మ అన్నది నిజమే, కానీ నేను లాక్కుంటూనే ఉండేదాన్ని. లాక్కున్నప్పుడల్లా మళ్ళీ ఇచ్చాను. నాకు శరణాగతి అలాగే అలవాటైంది.

ఇందులో నేను ఊహించనిది ఒకటి జరిగింది. కుడి పేజీలో చాలా రోజులు "అక్కకి మంచి బుద్ధి ఇవ్వు" అని రాసి ఉండేది. అమ్మ వైద్యం ఖర్చుల విషయంలో ఇద్దరం మాటా మాటా అనుకుని మాట్లాడుకోవడం మానేశాం. ఒకరోజు ఆ వాక్యం మీద చెయ్యి పెట్టాను గానీ "ఇది నీది" అనడానికి నోరు రాలేదు. అది ఆయన పని కాదు, నాది. ఫోన్ చెయ్యడానికి అహం అడ్డొచ్చి, ప్రార్థన అని పేరు పెట్టి ఆయన మీదకి తోసేశాను. కొట్టేసి, ఎడమ పేజీలో "అక్కకి ఫోన్ చెయ్యాలి" అని రాశాను. చెయ్యడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. నా దృష్టిలో దేవుడికి వదిలేయడంలో కష్టమైన భాగం ఇదే. ఏది వదలాలో తెలియాలంటే, ఏది తప్పించుకుంటున్నామో కూడా ఒప్పుకోవాలి.

శ్రీవైష్ణవంలో కోతిపిల్ల, పిల్లిపిల్ల అని రెండు పోలికలు చెప్తారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరుచుకుని ఉంటుంది. పిల్లిపిల్ల ఏమీ చెయ్యదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. శ్రీవైష్ణవంలోని రెండు శాఖల్లో వడగలై వారు మొదటిదాన్ని, తెంగలై వారు రెండోదాన్ని చెప్తారు. ఏది సరైందో తేల్చేంత చదువు నాకు లేదు. నాకు మాత్రం రెండూ కావాల్సొచ్చాయి. పగలు కోతిపిల్లలా పట్టుకుంటాను. కొన్ని రాత్రులు పట్టుకునే శక్తి కూడా ఉండదు, అప్పుడు "నువ్వే మొయ్యి" అని పడుకుంటాను.

ఒక ముఖ్యమైన మాట. వారాల తరబడి నిద్ర లేకపోయినా, గుండె దడ ఆగకపోయినా డాక్టరుకి చూపించుకోండి. అమ్మ ఆపరేషన్ తర్వాత నేను కొన్నాళ్ళు కౌన్సెలింగ్‌కి వెళ్ళాను. అలా వెళ్ళడం నమ్మకం తక్కువై కాదు. అదీ ఎడమ పేజీలో పనే.

మీ విషయంలో ఎడమ పేజీ నాకు కొంత కనిపిస్తోంది. రెజ్యూమె సరిచేయడం, పాత సహోద్యోగులకి ఫోన్లు, ఉద్యోగం పోతే వాయిదాల సంగతేంటో బ్యాంకులో ముందే కనుక్కోవడం, ఇంట్లో వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. చివరిది మీరింకా చేయలేదని మీ ప్రశ్న చదివితే అనిపించింది, తప్పయితే మన్నించండి. లిస్టులో మీ పేరు ఉంటుందా లేదా అన్నది కుడి పేజీ. ఉండదని నేను మాటివ్వలేను. మా అమ్మ రిపోర్టు నేను కోరుకున్నట్టు రాలేదు. అయినా ఆ తర్వాతి రోజుల్లో ఒక్కరోజు కూడా మేము ఒంటరిగా లేమని మాత్రం నమ్మకంగా చెప్పగలను.

అమ్మ రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది, బాగానే ఉంది. నిన్న మళ్ళీ స్కాన్ తీశారు. రిపోర్టు ఎల్లుండి ఇస్తామన్నారు. పొద్దున్నుంచి ఇప్పటికి రెండుసార్లు సైట్ తెరిచాను. ఇందాకే కుడి పేజీలో రాశాను. అమ్మ ఎప్పుడో పడుకుంది. నేనూ లైటు తీసేస్తున్నాను.