మెడికల్ షాపులో కొని హార్మోన్ మాత్రలు వాడుతున్నా.. ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవచ్చు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24. అబ్బాయిగా పుట్టాను గానీ నేను అమ్మాయినని చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. మాది తెనాలి దగ్గర ఊరు. గుంటూరులో రూము తీసుకుని బట్టల షోరూంలో పని చేస్తున్నా. స్నేహితులు చెబితే ఐదు నెలలుగా మాలా-డి మాత్రలు రోజుకు రెండు వేసుకుంటున్నా. నెలకు రెండుసార్లు ఒక ఇంజెక్షన్ కూడా చేయించుకుంటున్నా. దాని ఖాళీ యాంప్యూల్ ఫొటో పంపుతున్నా. ఛాతీలో కొంచెం మార్పు వచ్చింది గానీ గడ్డం, గొంతు అలాగే ఉన్నాయి. పది రోజులుగా ఎడమ పిక్క పట్టేసినట్టు నొప్పిగా ఉంది. రోజంతా నిలబడే పని కదా, అందుకేనేమో. మా వాళ్లు కొందరు తక్కువ ఖర్చులో నిర్వాణం (మగ అవయవాలు తీసేసే ఆపరేషన్) చేయిస్తామంటున్నారు. ఆపరేషన్ త్వరగా అయిపోతే చాలనిపిస్తోంది. ఇంట్లో తెలియదు. ఏం చేయమంటారు?
- పేరు రాయవద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ పిక్క చూపించుకోండి. రేపు, ఎల్లుండి అనుకోవద్దు. ఇది చదివిన రోజే జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లి, ఏం మాత్రలు వాడుతున్నారో దాచకుండా చెప్పి, కాలి రక్తనాళాలకు డాప్లర్ స్కాన్ చేయమని అడగండి. నిలబడటం వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు కాళ్లలోనూ ఉంటుంది, పడుకుంటే తగ్గుతుంది. ఒక్క పిక్కే నొప్పిగా ఉండి, వాచి, తాకితే వేడిగా అనిపిస్తే రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి, దగ్గితే రక్తం పడటం, వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ మాత్రలే. మాలా-డిలో ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయాల్. అది పిల్లలు పుట్టకుండా ఆపే మాత్రల్లో వాడే కృత్రిమ ఈస్ట్రోజెన్ (స్త్రీ హార్మోన్). మన ఒంట్లో ఉండే ఈస్ట్రడయాల్ కంటే దీనితో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అందుకే ట్రాన్స్ మహిళల చికిత్సలో దీన్ని వాడవద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిగరెట్ అలవాటుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. పైగా ఆ స్ట్రిప్‌లోని 28 మాత్రల్లో 21 మాత్రమే హార్మోన్ మాత్రలు. రంగు వేరుగా ఉండే మిగతా 7 ఐరన్ మాత్రలు. ఇక మీరు పంపిన ఫొటోలో ఉన్నది హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్. నెలలు నిండకముందే కాన్పు కాకుండా గర్భిణులకు వాడే ఇంజెక్షన్ అది. దానితో ఛాతీ పెరుగుతుందనడానికి ఆధారం లేదు. రెండూ ఈ రోజే ఆపేయండి. వచ్చిన మార్పులు కొంత వెనక్కి వెళ్లొచ్చు. సరైన మందు మొదలయ్యాక మళ్లీ వస్తాయి.

మీరు మెడికల్ షాపునే ఎందుకు నమ్ముకున్నారో నాకు తెలుసు. ఓపీలో పేరు పిలవగానే పక్కనున్నవాళ్లు తలతిప్పి చూడటం, ‘ఇదేం జబ్బు’ అని సిబ్బంది అడగటం మీలో చాలామంది ఎదుర్కొన్నదే. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో దీన్ని మానసిక రోగాల నుంచి తీసేసింది. అయినా సైకియాట్రిస్టును కలవమంటాను. మీ నిర్ణయం మీద నాకు అనుమానం ఉండి కాదు. తిరిగిరాని మార్పుల గురించి నింపాదిగా మాట్లాడుకోవడానికి, తర్వాత సర్జన్ అడిగే సిఫారసు లేఖకు అది అవసరం.

ఆ తర్వాత ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరకు వెళ్లండి. బీపీ, షుగర్, లివర్, కిడ్నీ, పొటాషియం, కొలెస్ట్రాల్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్, ఈస్ట్రడయాల్ చూశాకే మందు రాస్తారు. సాధారణంగా ఈస్ట్రడయాల్ మాత్ర లేదా జెల్, దానికి తోడు టెస్టోస్టిరాన్ పనితీరును అణచే మందు ఒకటి ఇస్తారు. ఆ రెండో మందు స్పైరనోలాక్టోన్ అయితే బీపీ తగ్గుతుంది, ఒంట్లో పొటాషియం పెరుగుతుంది. మన గుంటూరు ఎండల్లో నీళ్లు సరిగా తాగకపోతే కళ్లు తిరిగి పడిపోతారు. అలాగని రోజుకు రెండు మూడు కొబ్బరి బొండాలు తాగేయకండి, వాటిలోనూ పొటాషియం ఎక్కువే. దాని బదులు సైప్రోటిరోన్ ఇస్తే లివర్ మీద కన్నేసి ఉంచాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష తప్పదు. టెస్టోస్టిరాన్ 50 ng/dL లోపు, ఈస్ట్రడయాల్ 100 నుంచి 200 pg/mL మధ్య ఉంటే చాలు. డోసు రెట్టింపు చేస్తే మార్పులు త్వరగా రావు, గడ్డకట్టే ముప్పే పెరుగుతుంది.

ఛాతీ పెరుగుదల మూడు నుంచి ఆరు నెలల్లో మొదలై పూర్తవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. గొంతు మాత్రం ఏ మాత్రతోనూ మారదు. దానికి స్పీచ్ థెరపిస్టు దగ్గర సాధన చేయాలి. గడ్డానికి లేజర్ లేదా ఎలక్ట్రోలిసిస్ (కరెంటుతో వెంట్రుకల కుదుళ్లను తీసేయడం) చేయించాలి. ఇంకో మాట. ఎప్పటికైనా మీ రక్తం పంచుకున్న బిడ్డ కావాలనిపిస్తే వీర్యం దాచుకునే వీలు గురించి హార్మోన్లు మొదలుపెట్టక ముందే ఫెర్టిలిటీ డాక్టరును అడగండి. ఐదు నెలలుగా మాత్రలు వాడారు కాబట్టి ముందు వీర్య పరీక్ష చేయాల్సి ఉంటుంది.

నిర్వాణం గురించి నా మాట ఒక్కటే. వద్దు. 2022లో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో బీఫార్మసీ విద్యార్థులు ఇలాంటి ఆపరేషన్ చేయబోతే 28 ఏళ్ల ప్రాణం పోయింది. మత్తు డాక్టరు లేకుండా, రక్తం ఎక్కించే ఏర్పాటు లేకుండా కోసే కోత అది. బతికి బయటపడ్డా మూత్రనాళం ఇరుకైపోయి ఏళ్ల తరబడి బాధపడేవాళ్లున్నారు. ఆస్పత్రిలో చేయించుకున్నా సరే, వృషణాలు తీసేశాక ఈస్ట్రోజెన్ దీర్ఘకాలం వాడాల్సిందే. ‘ఆపరేషన్ అయిపోయింది, ఇంక మందులెందుకు’ అని ఆపేస్తే ముప్పై, నలభై ఏళ్లకే ఎముకలు గుల్లబారతాయి. ఈ విషయం మీ స్నేహితులకు కూడా చెప్పండి.

సర్జరీకి ముందు కనీసం ఆరు నెలల నుంచి ఏడాది హార్మోన్లు వాడి ఉండాలంటారు. వృషణాలు తీయడం చిన్న ఆపరేషనే. యోనిని నిర్మించే వజైనోప్లాస్టీ పెద్దది. దానికి వాడే చర్మం మీది వెంట్రుకలను ముందే తొలగించుకోవాల్సి రావచ్చు. కట్లు విప్పాక డైలేటర్‌తో (యోని దారిలో పెట్టి దాన్ని తెరిచి ఉంచే సాధనం) రోజూ సాధన చేయాలి, లేకపోతే దారి మూసుకుపోతుంది. కొందరు వృషణాలు తీయించుకోవడంతోనే సరిపెట్టుకుంటారు, అదీ మంచిదే. గుర్తింపు కోసం తొందరపడాల్సిన పని లేదు. లింగ గుర్తింపుకు ఆపరేషన్ షరతు పెట్టకూడదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

ఖర్చుల విషయానికొస్తే, గుర్తింపు పత్రం ఉన్న ట్రాన్స్‌జెండర్లకు ఏటా 5 లక్షల వరకు చికిత్స అందించేలా ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్‌ను కేంద్రం 2022లో ప్రకటించింది. మీరు చేరాలనుకునే ఆస్పత్రిలో అది చెల్లుతుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. పత్రానికి ఇప్పుడు ఏమేం కావాలో కలెక్టరేట్‌లో హిజ్రాల సంక్షేమం చూసే శాఖను అడగండి.

మీకు 24 ఏళ్లు. చికిత్సకు అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు, మీ విషయం డాక్టరు వాళ్లకు చెప్పకూడదు కూడా. కానీ సర్జరీ తర్వాత కొన్ని వారాలు అన్నం పెట్టి, బాత్రూంకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే మనిషి కావాలి. ఆ మనిషి అక్క కావచ్చు, రూమ్మేట్ కావచ్చు. ఎవరో ఒకరికి ఇప్పుడే చెప్పి ఉంచండి. టెన్షన్‌తో నిద్రపట్టని రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.